కాటా చిట్టీది ఒక టైము, కెమెరాది ఒక టైము: మిల్లులోని మెషీన్లన్నిటికీ ఒకే గడియారం పెట్టడం ఎలా

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో కంప్యూటర్లు, కెమెరాలు చూసుకోవడం నా పని. వానాకాలం వడ్లు దిగుతున్న రోజుల్లో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. "అన్నా, జర జల్ది రా. ఈడ లొల్లి అయితుంది" అన్నాడు కాటా ఆపరేటర్.

వెళ్లేసరికి క్యాబిన్ ముందు ఒక పెద్దాయన చిట్టీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చిట్టీ మీద 9:50 అని ఉంది. కెమెరాలో చూస్తే ఆయన ట్రాక్టర్ కాటా ఎక్కింది 10:14కి. కెమెరా లెక్కన 9:50కి కాటా మీద ఉన్నది వేరే బండి. "ముందు బండి తూకం నాకు రాసిచ్చిన్రు తమ్మీ. ఇది నా చిట్టీ కాదు" అంటున్నాడు పెద్దాయన. కాదని చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

తూకం సరైనదే, గడియారాలే తప్పు. కాటా కంప్యూటర్ 13 నిమిషాలు వెనక ఉంది, కెమెరా బొమ్మలను రికార్డు చేసే డబ్బా, అంటే డీవీఆర్, 11 నిమిషాలు ముందుంది. రెండూ కలిస్తే 24 నిమిషాల తేడా. అదృష్టం కొద్దీ, ఆ బండి కాటా ఎక్కగానే ఆపరేటర్ ఓనరుకు ఫోన్ చేశాడు. కాల్ లిస్టులో 10:03 అని ఉంది. దాన్ని పట్టుకుని ఇటు 13, అటు 11 లెక్కకట్టి చూపిస్తే గానీ గొడవ చల్లారలేదు. అప్పటికి రాత్రి రెండయింది.

కాటాకు తూనికలు కొలతల శాఖ వాళ్లు ముద్ర వేసి వెళతారు. చిట్టీ మీద టైము వేసే గడియారాన్ని మాత్రం ఎవరూ చూడరు. అది మనమే చూసుకోవాలి. నేను రైస్ మిల్లు లెక్కలో చెబుతున్నాను గానీ విత్తనాల షాపు, డయాగ్నొస్టిక్ సెంటర్, ప్రైవేట్ స్కూలు ఆఫీసు, నాలుగు కంప్యూటర్లు, ఒక డీవీఆర్ ఉన్న ఏ చోటికైనా ఇదే పద్ధతి.

పద్ధతి కూడా చిన్నదే. ఒక్క మెషీన్‌ను పెద్దమనిషిగా పెట్టాలి. అది బయటి నుంచి టైము తెచ్చుకోవాలి. మిగతావన్నీ దాన్నే అడగాలి. ఎవరి టైము వాళ్లు ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటే చాలదా అని అడుగుతారు. నెట్ ఉన్నంతసేపు చాలు. నెట్ పోయిన రోజు ఒక్కోటి ఒక్కో దారి పడుతుంది. మిల్లులో నెట్ ఎన్నిసార్లు పోతుందో నేను చెప్పక్కర్లేదు. పెద్దమనిషి ఉంటే నెట్ లేని రోజున అతని టైము రెండు సెకన్లు అటూఇటూ అయినా, అందరిదీ అదే టైము అవుతుంది. గొడవ వచ్చినప్పుడు కావలసింది అదే.

ఒక మాట. కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు ఒక రౌండు తిరగండి, ఏదీ ముట్టుకోవద్దు

కాగితం, పెన్ను, ఫోన్ తీసుకుని మిల్లంతా తిరగండి. ఫోన్లో డేట్, టైము ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. గడియారం ఉన్న ప్రతి మెషీన్ పేరు రాయండి: కాటా కంప్యూటర్, ఆఫీసు బిల్లింగ్ కంప్యూటర్, డీవీఆర్, వేలిముద్రల హాజరు మెషీన్, రూటర్. బరువు అంకెల్లో చూపించే డబ్బాను, అంటే కాటా ఇండికేటర్‌ను, మర్చిపోతారు. చాలాచోట్ల ఇండికేటర్ సీరియల్ కేబుల్ మీద కంప్యూటర్‌కు బరువు ఒక్కటే పంపుతుంది, చిట్టీ మీద టైము కంప్యూటర్‌దే పడుతుంది. కానీ కొన్ని ఇండికేటర్లకు సొంత గడియారం, సొంత ప్రింటర్ ఉంటాయి. మీది ఏ రకమో చూడండి.

ఒక్కో పేరు పక్కన ఫోన్‌తో పోలిస్తే ఎంత తేడా ఉందో, ముందా వెనకా రాయండి. ఫోన్ టైము, ఆ మెషీన్ టైము రెండూ కనిపించేలా ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఇది చాదస్తం అనుకోకండి. మీరు టైము సరిచేసిన క్షణం నుంచి పాత రికార్డుల తేడా ఎంతో ఎవరికీ తెలియకుండా పోతుంది. వారం తర్వాత ఎవరైనా పోయిన నెల ఫుటేజీ అడిగితే ఈ కాగితమే దిక్కు. ఏదైనా కేసు నడుస్తుంటే, పోలీసులు ఫుటేజీ తీసుకునేదాకా డీవీఆర్ టైము అసలు మార్చొద్దు. తేడా మాత్రం రాసి వాళ్లకు చెప్పండి.

ఆ తేడాలు చూస్తే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. సెకన్లు, నిమిషాల్లో ఉంటే అది మామూలు జారుడు. సరిగ్గా 5:30 గంటలో, 12:30 గంటలో, 13:30 గంటలో ఉంటే టైమ్ జోన్ తప్పు. తారీఖు ఏళ్ల వెనక్కి పోయి ఉంటే బోర్డు మీది బ్యాటరీ అయిపోయింది.

జారుడు ఎందుకో రెండు మాటల్లో చెబుతాను. కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు కూడా టైము లెక్కపెట్టేది మదర్‌బోర్డు మీది ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అంటే 2ను 15 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య. చేతి గడియారంలో ఉండేదీ అదే. పది లక్షలకు 20 వంతులు తేడా ఉన్నా రోజుకు 1.7 సెకన్లు జారుతుంది, నెలకు 50 సెకన్లు దాటుతుంది. ఈ రకం స్ఫటికం 25 డిగ్రీల దగ్గర బాగా నడుస్తుంది. అంతకన్నా చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా నెమ్మదిస్తుంది. 45 డిగ్రీల్లో ఆ ఒక్క కారణానికే రోజుకు సెకను పైన వెనకబడుతుంది. మే నెలలో నల్గొండ ఎండ, రేకుల కప్పు కింద కాటా క్యాబిన్, ఫ్యాను రెక్కల నిండా ఊక దుమ్ము పట్టిన సీపీయూ డబ్బా. లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి. ఏసీలో ఉన్న ఆఫీసు కంప్యూటర్‌తో అది కలవకపోవడంలో వింతేమీ లేదు.

బ్యాటరీ

"టైం సెట్ చేశిన అన్నా, పొద్దుగాలకల్లా మళ్ల పాత తారీఖే వచ్చింది" అంటే ఇంకేమీ వెతకక్కర్లేదు. సీఆర్2032 అనే 3 వోల్టుల నాణెం బ్యాటరీ కొనండి. 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, గడియారాల షాపులో దొరుకుతుంది.

మార్చే ముందు బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్) పేజీలను ఒక్కొక్కటిగా ఫోన్లో ఫొటో తీయండి. బ్యాటరీ తీయగానే పాత బోర్డుల్లో ఆ సెట్టింగ్స్ అన్నీ మొదటికి వస్తాయి. హార్డ్‌డిస్క్ మోడ్ మారిపోయి విండోస్ అసలు లేవకపోతే, గేటు బయట పది లారీలు ఆగి ఉన్నప్పుడు ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. నాకు ఒకసారి అయింది. అప్పటి నుంచి ఫొటో లేకుండా స్క్రూడ్రైవర్ ముట్టను. ప్లగ్గు పీకి, పవర్ బటన్ నాలుగైదు సెకన్లు నొక్కి పట్టి, అప్పుడు పాత బ్యాటరీ తీయండి. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. ఆన్ చేసి బయోస్‌లో తారీఖు, టైము పెట్టి, మిగతావి ఫొటోలు చూసి సరిచేయండి.

బ్యాటరీ పోయిన మెషీన్‌ను నెట్ నుంచి సింక్ చేస్తే, అంటే టైము కలిపితే, సరిపోతుందని కొందరు వదిలేస్తారు. విండోస్ అందుకు ఒప్పుకోదు. డొమైన్‌లో (పెద్ద ఆఫీసుల్లో కంప్యూటర్లన్నిటినీ ఒకే సర్వర్ కింద పెట్టే ఏర్పాటు) లేని కంప్యూటర్‌లో తేడా 54,000 సెకన్లు, అంటే 15 గంటలు దాటితే విండోస్ తనంతట తాను సరిచేయదు. సర్వర్ చెప్పిన టైమే తప్పనుకుని పక్కన పెడుతుంది. తారీఖు చేత్తో దగ్గరకు తెచ్చాకే సింక్ పనిచేస్తుంది. తారీఖు తప్పుంటే బ్రౌజర్‌లో సైట్లు కూడా తెరుచుకోవు, సర్టిఫికెట్ చెల్లదని ఎర్ర పేజీ చూపిస్తుంది. జీఎస్టీ సైటు పనిచేయడం లేదని నన్ను పిలిచిన రెండు చోట్ల అసలు సంగతి ఈ నాణెం బ్యాటరీయే.

టైమ్ జోన్

ప్రతి విండోస్ మెషీన్‌లో టైమ్ జోన్ చూడండి. చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉండాలి, ముందు ప్లస్ 5:30 కనబడాలి. ఎక్కడి నుంచో తెచ్చిన విండోస్ వేసిన కంప్యూటర్లలో అమెరికా పసిఫిక్ జోన్ ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. వాడేవాళ్లు టైము తప్పుగా ఉందని ముల్లు ఒక్కటే చేత్తో సరిచేస్తారు. పైకి అంతా బాగానే కనిపిస్తుంది. మీరు సింక్ ఆన్ చేసిన మరుక్షణం గడియారం 13:30 గంటలు వెనక్కి దూకుతుంది, ఎండాకాలమైతే 12:30. అప్పుడు తిట్లు మీకే. అందుకే జోన్ ముందు, సింక్ తర్వాత.

డీవీఆర్‌లోనూ ఇదే. జోన్ ప్లస్ 5:30 పెట్టి, డీఎస్‌టీ అనే డేలైట్ సేవింగ్ ఆప్షన్ ఆపేయండి. మన దేశంలో అది లేదు.

మన 5:30 వచ్చింది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్క నుంచి. ఆ గీత కాకినాడ దగ్గరగా వెళుతుంది. మనం దానికి పడమర ఉన్నాం కాబట్టి నల్గొండలో సూర్యుడు నడినెత్తికి రావడం సగటున దాదాపు 13 నిమిషాలు, మహబూబ్‌నగర్‌లో 18 నిమిషాలు ఆలస్యం. పంచాంగం చూసేవాళ్లకు ఇది కొత్త కాదు. నల్గొండ గడియారం సెంటర్‌కూ, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్‌కూ ఎండ వేరైనా టైము ఒకటే.

పెద్దమనిషి ఎవరు?

రూటర్‌ను పెట్టొచ్చా అని అడుగుతారు. మైక్రోటిక్ లాంటి రూటర్లలో ఎన్‌టీపీ సర్వర్, అంటే అడిగినవాళ్లకు టైము చెప్పే ఏర్పాటు, ఉంటుంది, ఒక టిక్కుతో అయిపోతుంది. నాకు ఒకటే అభ్యంతరం. రూటర్లలో చాలావాటికి లోపల బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు పోయి వచ్చాక నెట్ కలిసేదాకా దానికి టైము తెలియదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కూడా 4వ తరం వరకు అంతే. దానికి డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ తగిలిస్తే పరవాలేదు. అది వేడిని లెక్కలోకి తీసుకుని తనను తాను సరిచేసుకుంటుంది, 0 నుంచి 40 డిగ్రీల మధ్య పది లక్షలకు 2 వంతులకు మించి జారదు. ఏడాదికి దాదాపు ఒక నిమిషం.

మామూలు మిల్లుకు నా ఎంపిక ఆఫీసు బిల్లింగ్ కంప్యూటర్. నీడలో ఉంటుంది, యూపీఎస్ మీద ఉంటుంది, మంచి బ్యాటరీ వేస్తే కరెంటు పోయినా టైము మర్చిపోదు. సీజన్‌లో రాత్రిపూట దాన్ని ఆపొద్దని అకౌంటెంట్‌కు చెప్పండి. కాటా కంప్యూటర్‌ను మాత్రం పెట్టకండి. దుమ్ము, వేడి, లోడు లోడుకూ ఊగే గది. దానికి ఉన్న బాధ్యతలు చాలు.

పెద్దమనిషికి అడ్రసు మారకూడదు. రూటర్‌లో డీహెచ్‌సీపీ (మెషీన్లకు అడ్రసులు పంచే పద్ధతి) రిజర్వేషన్ పెట్టి ఆ కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే ఐపీ వచ్చేలా చేయండి. ఇక్కడ 192.168.1.10 అనుకుందాం.

బయట ఎవరిని అడగాలి అంటే, మన దేశపు అధికారిక సమయాన్ని చూసేది న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ. వాళ్ల సర్వర్ టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఆర్గ్. ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) వాళ్లవి సమయ్1 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్, సమయ్2 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్. సమయ్ అంటే ఎస్, ఏ, ఎం, ఏ, వై. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు తమ గడియారాలను ఈ రెండు సంస్థల సర్వర్లకు గానీ, వాటితో జాడ కలిసే సర్వర్లకు గానీ కలపాలని ఉంది. మూడూ పెట్టండి. ఇద్దరిని అడిగి ఇద్దరూ వేర్వేరు చెబితే ఎవరిని నమ్మాలో తెలియదు. మూడో మనిషి ఉంటే తేలుతుంది.

విండోస్‌ను టైము సర్వర్‌గా మార్చడం

ఇదే అసలు పని. తొందరపడకుండా చేయండి.

స్టార్ట్‌లో రెజ్‌ఎడిట్ అని కొట్టి తెరవండి. హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, సర్వీసెస్, డబ్ల్యూ32టైమ్, టైమ్‌ప్రొవైడర్స్, ఎన్‌టీపీసర్వర్. ఇదీ దారి. అక్కడ ఎనేబుల్డ్ అనే విలువ 0 ఉంటుంది, 1 చేయండి. డబ్ల్యూ32టైమ్ దగ్గరకు వెనక్కి వచ్చి కాన్ఫిగ్ లోకి వెళితే అనౌన్స్‌ఫ్లాగ్స్ ఉంటుంది, దాన్ని 5 చేయండి. బయటి సర్వర్లు అందకపోయినా టైము చెబుతూనే ఉండమని దీని అర్థం. నెట్ పోయిన రోజు పనికొచ్చేది ఇదే. ఇంకేదీ కదపకుండా మూసేయండి.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది ఒకే లైనులో కొట్టాలి: డబ్ల్యూ32టీఎం, ఖాళీ, స్లాష్ కాన్ఫిగ్, ఖాళీ, స్లాష్ మాన్యువల్‌పీర్‌లిస్ట్, కోలన్, ఆ వెంటనే డబుల్ కోట్స్‌లో మూడు సర్వర్ల పేర్లు. ఒక్కో పేరు చివర కామా పెట్టి సున్నా ఎక్స్ 8 చేర్చండి, పేరుకూ పేరుకూ మధ్య ఒక ఖాళీ వదలండి. కోట్స్ మూశాక స్లాష్ సింక్‌ఫ్రమ్‌ఫ్లాగ్స్ కోలన్ మాన్యువల్, స్లాష్ రిలయబుల్ కోలన్ యస్, చివర స్లాష్ అప్‌డేట్. పేర్ల మధ్య కామా పెట్టి ఖాళీ మర్చిపోవడం అందరూ చేసే తప్పు, నేనూ చేశాను. మూడు పేర్లూ కలిసి ఒకే అర్థంలేని పేరవుతాయి.

డొమైన్ లేని కంప్యూటర్లలో విండోస్ టైమ్ సర్వీసు ఎప్పుడూ నడవదు, అవసరమైనప్పుడు లేచి మళ్లీ పడుకుంటుంది. పెద్దమనిషి నిద్రపోతే ఎలా? సర్వీసెస్ కిటికీ తెరిచి విండోస్ టైమ్‌ను ఆటోమేటిక్ చేయండి. అంతటితో వదలొద్దు. ఎస్‌సీ ట్రిగ్గర్‌ఇన్ఫో డబ్ల్యూ32టైమ్ డిలీట్ అనే కమాండ్ కొట్టండి. సర్వీసును ఆపే పాత షరతులు దీంతో పోతాయి. ఆ తర్వాత నెట్ స్టాప్ డబ్ల్యూ32టైమ్, నెట్ స్టార్ట్ డబ్ల్యూ32టైమ్.

ఇక ఫైర్‌వాల్. విండోస్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌బౌండ్ రూల్ ఒకటి కొత్తగా పెట్టండి: యూడీపీ, పోర్ట్ 123, అనుమతించు. స్కోప్‌లో లోకల్ సబ్‌నెట్‌కు మాత్రమే ఇవ్వండి. ఊరందరికీ టైము చెప్పే పని మనకు వద్దు.

చివరగా డబ్ల్యూ32టీఎం స్లాష్ రీసింక్, కాసేపాగి డబ్ల్యూ32టీఎం స్లాష్ క్వెరీ స్లాష్ స్టేటస్. సోర్స్ అనే వరుసలో మీరిచ్చిన మూడు పేర్లలో ఒకటి కనబడితే పని అయినట్టే. లోకల్ సీమాస్ క్లాక్ అని ఉంటే బయటి సర్వర్ అందడం లేదు: పేరులో తప్పో, రూటర్ 123ను ఆపడమో. అక్కడే స్ట్రేటమ్ అనే అంకె ఉంటుంది. అణు గడియారానికి నేరుగా కలిసిన సర్వర్ 1, దాన్ని అడిగేది 2, ఇలా ఒక్కో మెట్టు దిగుతుంది. 16 అంటే టైము తెలియదని.

పాత కంప్యూటర్ మీద లినక్స్ వేసుకున్నవాళ్లకు ఇంత తిప్పలు లేవు. క్రోనీ అనే టైము ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసి, ఈటీసీలోని క్రోనీ డాట్ కాన్ఫ్ ఫైల్లో ఒక్కో సర్వర్‌కు ఒక లైను చొప్పున సర్వర్, పేరు, ఐబర్స్ట్ అని రాయండి. కింద అలౌ 192.168.1.0/24, దాని కింద లోకల్ స్ట్రేటమ్ 10. సర్వీసు రీస్టార్ట్ చేసి క్రోనీసీ ట్రాకింగ్ కొట్టి చూడండి. నాకైతే ఇదే ఇష్టం. కానీ అకౌంటెంట్‌కు లినక్స్ పెట్టిస్తే మరునాడు మిల్లులో నాకు టీ కూడా దొరకదు.

టైము అడగడం ఎలా జరుగుతుంది?

ఈ అడిగే పద్ధతి పేరే ఎన్‌టీపీ. అమెరికాలో డెలవేర్ యూనివర్సిటీలో పనిచేసిన డేవిడ్ మిల్స్ దీన్ని తయారుచేశారు. 1985లో మొదటి పత్రం వచ్చింది, ఇప్పటి నాలుగో రూపం 2010లో స్థిరపడింది. ఆయన 2024 జనవరిలో చనిపోయారు.

వాచీ ఒక్కటే ఉన్న ఊరికి పిల్లగాడిని సైకిల్ మీద పంపి టైము అడిగి రమ్మన్నామనుకోండి. మన గోడ గడియారం ప్రకారం అతను 10:00:00కి బయల్దేరి 10:00:10కి తిరిగొచ్చాడు. అక్కడ 10:07:25 అయిందని చెప్పాడు. పోవడానికి సగం, రావడానికి సగం అనుకుంటే అతను అక్కడ ఉన్నది మన 10:00:05కి. అంటే మనం 7 నిమిషాల 20 సెకన్లు వెనక ఉన్నాం. లెక్క ఇంతే. ఇందులో ఉన్న నమ్మకం ఒకటే: పోయే దారి, వచ్చే దారి సమానం. వచ్చేటప్పుడు రైల్వే గేటు పడితే, గేటు దగ్గర ఆగిన టైములో సగం తప్పు వస్తుంది. వైర్ మీద గేట్లు తక్కువ, వైఫైలో ఎక్కువ. కాబట్టి పెద్దమనిషిని, డీవీఆర్‌ను వైర్ మీదే ఉంచండి. మన పనికి సెకను లోపు తేడా చాలు, వైర్ మీద మామూలుగా మిల్లీసెకన్లలోనే ఉంటుంది.

మిగతా కంప్యూటర్లు

కాటా కంప్యూటర్‌తో మొదలుపెట్టండి, కానీ బండ్లు నడుస్తుండగా వద్దు. గడియారం వెనక్కి జరిగితే 1045వ చిట్టీ 1044 కన్నా ముందు టైముతో పడుతుంది. లెక్క చూసేవాడికి అది దొంగలెక్కలా కనిపిస్తుంది. ఆఖరి బండి వెళ్లాకో, పొద్దున మొదటి బండి రాకముందో చేయండి.

కంట్రోల్ ప్యానెల్‌లో డేట్ అండ్ టైమ్ తెరిచి ఇంటర్నెట్ టైమ్ ట్యాబ్‌కు వెళ్లండి. చేంజ్ సెట్టింగ్స్ నొక్కి, సర్వర్ గడిలో ఉన్న పేరు చెరిపి 192.168.1.10 అని కొట్టి, అప్‌డేట్ నౌ నొక్కండి. మొదటిసారి తప్పు చూపిస్తే రెండోసారి నొక్కండి, అది దాని అలవాటు. ఇక్కడ కూడా సర్వీసును ఆటోమేటిక్ చేసి పైన చెప్పిన ట్రిగ్గర్ కమాండ్ కొట్టాలి.

పాత విండోస్ వారానికి ఒక్కసారే టైము అడుగుతుంది. మన ఎండకు ఆ వారంలో పది సెకన్లు కూడా పోవచ్చు. రెజ్‌ఎడిట్‌లో అదే టైమ్‌ప్రొవైడర్స్ కింద ఎన్‌టీపీక్లయింట్‌లో స్పెషల్‌పోల్‌ఇంటర్వల్ ఉంటుంది. డెసిమల్ ఎంచుకుని 3600 పెట్టండి, గంటకోసారి అడుగుతుంది. మన లోపలి సర్వర్‌నే కదా, ఎన్నిసార్లు అడిగినా ఎవరికీ భారం లేదు.

రూటర్ డీహెచ్‌సీపీలో 42వ ఆప్షన్ పెడితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని ఎక్కడో చదివి ప్రయత్నించకండి. కొన్ని కెమెరాలు, ఫోన్లు దాన్ని వింటాయేమో గానీ విండోస్ పట్టించుకోదు.

డీవీఆర్, హాజరు మెషీన్

డీవీఆర్ మెనూలో డేట్ అండ్ టైమ్ దగ్గర ఎన్‌టీపీ ఉంటుంది. సర్వర్‌గా 192.168.1.10, పోర్ట్ 123, గ్యాప్ 60 నిమిషాలు. చాలా డీవీఆర్‌లలో కంపెనీ సొంత సర్వర్ పేరు ముందే ఉంటుంది, దాన్ని తీసేయండి.

వెనక్కి జరిపేటప్పుడు జాగ్రత్త. మా కథలో డీవీఆర్ 11 నిమిషాలు ముందుంది కదా. సరిచేయగానే అదే 11 నిమిషాల టైముతో రెండో రికార్డింగ్ మొదలవుతుంది. వెతికితే ఏది వస్తుందో నమ్మకం లేదు. ముఖ్యమైనది ఏదైనా ఉంటే ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. మిల్లు మూసి, గేటు వేసి ఉన్న టైములో మార్చడం ఉత్తమం.

ఐపీ కెమెరాలైతే ఒక్కో కెమెరాకూ సొంత గడియారం ఉంటుంది. బొమ్మ మీద కనిపించే టైము కెమెరాది, కింద పట్టీలో టైము ఎన్‌వీఆర్‌ది (ఐపీ కెమెరాలకు డీవీఆర్ బదులు వాడే రికార్డర్). రెండూ వేరుగా ఉంటే ఎన్‌వీఆర్‌లో కెమెరాలకు టైము పంపే ఆప్షన్ ఆన్ చేయండి. వేరే కంపెనీ కెమెరా దాన్ని వినకపోతే, కెమెరా పేజీ తెరిచి అక్కడే పెద్దమనిషి అడ్రసు ఇవ్వాలి.

హాజరు మెషీన్లలో కొన్నిటికి ఎన్‌టీపీ తెలియదు. వాటికి సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ నుంచి సింక్ టైమ్ బటన్ నొక్కాలి. ఆ కంప్యూటర్ టైము ఇప్పుడు సరైనదే కాబట్టి అది చాలు. హమాలీల షిఫ్టు మారే టైములో నొక్కకండి. సొంత గడియారం ఉన్న కాటా ఇండికేటర్‌ను నెలకోసారి చేత్తో సరిచేయడం తప్ప దారి లేదు.

పనిచేస్తోందో లేదో చూసుకోవడం

మూల మీద గడియారం చూసి సరే అనుకోవద్దు, అక్కడ సెకన్లు కూడా కనబడవు. కాటా కంప్యూటర్‌లో డబ్ల్యూ32టీఎం స్లాష్ స్ట్రిప్‌చార్ట్ స్లాష్ కంప్యూటర్ కోలన్ 192.168.1.10 స్లాష్ శాంపిల్స్ కోలన్ 5 స్లాష్ డేటాఓన్లీ అని కొట్టండి. ఐదు వరుసలు వస్తాయి, ఒక్కోదాంట్లో తేడా సెకన్లలో ఉంటుంది. 00.02 లాంటి అంకె ఉంటే హాయి. అంకెకు బదులు ఎర్రర్ వస్తే నూటికి తొంభై సార్లు పెద్దమనిషి మీది ఫైర్‌వాల్ రూలే. కొత్తగా వేసిన యాంటీవైరస్ తన సొంత ఫైర్‌వాల్ తెచ్చుకుంటుంది, అక్కడా చూడండి.

తర్వాత నెట్ కేబుల్ పీకి పరీక్షించండి. రూటర్‌లోకి వచ్చే నెట్ వైరు తీసేసి, గంట తర్వాత మళ్లీ స్ట్రిప్‌చార్ట్ కొట్టండి. అప్పుడూ అంకెలే రావాలి. వస్తే మీ మెషీన్లు ఒకరి మాట మీద ఉన్నట్టు. రాకపోతే అనౌన్స్‌ఫ్లాగ్స్ మళ్లీ చూడండి.

రెండు రోజుల తర్వాత కూడా ఒకే కంప్యూటర్ మొండికేస్తుంటే రెండు అనుమానాలు. దానిలో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయా? విండోస్ బోర్డు గడియారంలో మన స్థానిక టైము రాస్తుంది, లినక్స్ యూటీసీ, అంటే మనకన్నా 5:30 వెనక ఉండే ప్రపంచ టైము, రాస్తుంది. ఒకటి రాసింది ఇంకోటి చదివి 5:30 అటూఇటూ గెంతుతుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అంటే ఆగుతుంది. లేదా అది వర్చువల్ మెషీనా, అంటే ఇంకో కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటరా? అయితే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఒకపక్క, మన ఎన్‌టీపీ ఒకపక్క టైము లాగుతుంటాయి. ఒకదాన్ని ఆపేయండి.

నేను ప్రతి మిల్లులో కాటా క్యాబిన్ గోడ మీద ఒక కాగితం అంటించి వస్తాను. దాని మీద పెద్దమనిషి అడ్రసు, స్ట్రిప్‌చార్ట్ కమాండ్, కింద నెలకో వరుస: తారీఖు, కాటా తేడా, డీవీఆర్ తేడా, చూసినవాడి సంతకం. యాసంగి వడ్లు మొదలయ్యే ముందు ఒకసారి, వానాకాలం ముందు ఒకసారి బ్యాటరీ కూడా చూస్తాను. మొన్న ఏప్రిల్‌లో ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడట. చిట్టీ తీసుకుని, తలెత్తి కెమెరా స్క్రీన్ మీద టైము చూసి, జేబులోంచి ఫోన్ తీసి అదీ చూసి, ఏమీ అనకుండా ట్రాక్టర్ ఎక్కాడని ఆపరేటర్ చెప్పాడు.